పెరటి మిరప: విత్తనం, పదం, చరిత్ర

ప్రవేశిక

తెలుగువారి ఆహారాన్ని గురించి ఇతరులు చెప్పే మొదటి మాట కారం. తెలుగువారు తమను గురించి చెప్పుకొనే మాట కూడా అదే. ఆ కారానికి ఆధారమైన మిరప ఈ నేలకు వచ్చి అయిదు వందల సంవత్సరాలు మించలేదు. వేయి సంవత్సరాల లిఖిత సాహిత్యం గల భాషలో సగం కాలం మిరప లేకుండానే గడిచిందన్నమాట. ఇంత తక్కువ కాలంలో ఒక పరదేశపు మొక్క ఒక జాతి రుచికి పర్యాయపదం కావడం ఎలా సాధ్యమైంది?

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం వాణిజ్య చరిత్ర నుండి వస్తుంది. పోర్చుగీసు ఓడలు, గోవా రేవు, కోస్తా పట్టణాలు, ఆ తరువాత గుంటూరు విపణి అన్న క్రమంలో ఆ కథ నడుస్తుంది. ఆ కథలో అసత్యం లేదు కాని, అసంపూర్ణత ఉంది. ఓడ విత్తనాన్ని రేవు దాకా తెస్తుంది. రేవు నుండి ఊరికి, ఊరి నుండి ఇంటికి, ఒక వర్షాకాలం నుండి మరొక వర్షాకాలానికి దాన్ని చేర్చిన చేతులు వేరు. ఆ చేతులు పెరటివి. వాటిలో ఎక్కువ భాగం స్త్రీలవి. వాటి పని శాసనాలకు, పన్ను లెక్కలకు, ప్రబంధాలకు ఎక్కలేదు. అందువల్ల ఆ చరిత్రకు సాక్ష్యాన్ని భాషలో, వంటింటి ఆచారంలో, మొక్క స్వభావంలో వెతకవలసి ఉంటుంది. మిరప తెలుగునాట పొలం పంటగా కాక పెరటి మొక్కగా స్థిరపడిందనీ, ఇంట్లో విత్తనం దాచి మొలకెత్తించే అలవాటే దానికి వాహకమైందనీ ఈ మూడు సాక్ష్యాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరదేశపు మొక్క

మిరప జన్మస్థానం అమెరికా ఖండాలు. క్యాప్సికం ప్రజాతిలో మానవుడు సాగులోకి తెచ్చిన జాతులు అయిదు: ఆన్యుమ్, ఫ్రూటెసెన్స్, చైనెన్స్, బకాటమ్, ప్యూబెసెన్స్. తెలుగునాట సాగయ్యే మిరపలో అత్యధిక భాగం ఆన్యుమ్ జాతికి చెందింది. పైకి నిక్కి కాసే చిన్న కాయల రకాలు కొన్ని ఫ్రూటెసెన్స్ జాతివి. ఆన్యుమ్ జాతి మెక్సికో ప్రాంతంలో వేల సంవత్సరాల క్రితం సాగులోకి వచ్చిందని పురావస్తు, జన్యు పరిశోధనలు నిర్ధారించాయి.

మిరియాల దేశాన్ని వెతుకుతూ పడమటికి బయలుదేరిన కొలంబస్ తన మొదటి యాత్రలోనే కరీబియన్ దీవులలో ఈ కాయను చూశాడు. అక్కడివారు దాన్ని ‘అహి’ అంటారనీ, అది వారి మిరియమనీ 1493 జనవరి 15వ తేదీ దినచర్యలో నమోదైంది. చూసినది వేరొక మొక్క, పెట్టిన పేరు మిరియానిది. ఈ నామకరణ దోషం తరువాతి కాలంలో అనేక భాషలకు వ్యాపించింది.

వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. పోర్చుగీసువారు 1510లో గోవాను స్వాధీనం చేసుకొన్నారు. బ్రెజిల్, ఆఫ్రికా తీరం, గోవా ఒకే నౌకామార్గంలోకి వచ్చిన ఆ దశాబ్దాలలోనే మిరప భారతదేశం చేరింది. బొంబాయి ప్రాంతంలో దానికి ‘గోవా మిర్చి’ అన్న అర్థం వచ్చే పేరు ఉండేదనీ, పెర్నంబుకో మిరియం అన్న వ్యవహారం కూడా ఉండేదనీ ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ వివరించారు. పెర్నంబుకో బ్రెజిల్‌లోని ప్రాంతం. ఈ రెండు పేర్లూ మొక్క ప్రయాణించిన దారిని సూచిస్తాయి.

అది ఎంత త్వరగా స్థానికమైపోయిందో తెలియడానికి ఐరోపా వృక్షశాస్త్రజ్ఞుల పొరపాట్లే మంచి నిదర్శనం. జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో ప్రచురించిన ఔషధ వృక్ష గ్రంథంలో మిరపను కాలికట్ మిరియమన్నాడు. కొలంబస్ దాన్ని చూసి అప్పటికి యాభై సంవత్సరాలైనా కాలేదు. 1776లో జాక్విన్ మరొక జాతికి చైనా పేరుతో చైనెన్స్ అని నామకరణం చేశాడు. అదీ అమెరికా మొక్కే. మిరప ఎక్కడికి వెళితే అక్కడిదే అనిపించుకొంది. తెలుగునాట జరిగినదీ అదే.

తెలుగు ప్రాంతానికి అది చేరడానికి రెండు దారులకు అవకాశముంది. ఒకటి గోవా నుండి విజయనగర రాజ్యం మీదుగా రాయలసీమకు సాగే భూమార్గం. మరొకటి చోళమండల తీరపు రేవుల మీదుగా కోస్తాకు వచ్చే సముద్రమార్గం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. గింజ తేలిక, ఎండిన కాయ చెడిపోదు, ఒక్క కాయలో పదుల కొద్దీ గింజలుంటాయి. ఇటువంటి మొక్క ఒకే దారిలో రావలసిన అవసరం లేదు.

మిరపకు ముందు కారం

మిరపకు పూర్వం తెలుగువారికి కారం లేదనుకోవడం పొరపాటు. షడ్రుచులలో కటువు ఒకటి. ఆయుర్వేదంలోని త్రికటుకాలు శొంఠి, పిప్పలి, మిరియాలు. వీటికి ఆవాలు, అల్లం చేరితే మిరపకు పూర్వపు కారపు వస్తువుల జాబితా దాదాపు పూర్తవుతుంది.

వీటిలో మిరియం ప్రధానంగా వాణిజ్య వస్తువు. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనం రేవులో వసూలు చేయవలసిన సుంకాలను పేర్కొంటుంది. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు వంటి వస్తువుల వరుసలోనే మిరియాలకూ సుంకం ఉంది. అంటే అది ఓడలో వచ్చిపోయే సరకు, సంత నుండి కొని తెచ్చుకొనే వస్తువు. మిరియపు తీగకు ఎక్కువ వర్షం, గాలిలో తేమ, నీడ, పాకడానికి ఆధారం కావాలి. మలబారు కొండలలో అది సహజంగా పెరుగుతుంది. తెలుగు మైదానాల ఎండలో పెరగదు.

పదహారవ శతాబ్దపు తొలి దశాబ్దాలకు చెందిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టే భోజనాల వర్ణన ప్రసిద్ధం. అందులోని చలికాలపు భోజనంలో కారాన్నిచ్చేవి మిరియపు పొడి, ఆవపచ్చళ్లు. నేటి తెలుగు భోజన వర్ణనలో మిరపకు ఉండే స్థానంలో అక్కడ మిరియం, ఆవ ఉన్నాయి. అదే శతాబ్దపు చివరి దశకంలో సంకలితమైన అయినీ అక్బరీలోని మొగలు వంటకాల పట్టికలలోనూ మిరియమే ఉంది, మిరప లేదు.

మౌనం ఆధారంగా చేసే వాదానికి పరిమితి ఉంటుంది. ఒక గ్రంథంలో ఒక మొక్క పేరు లేనంత మాత్రాన ఆనాడు ఆ మొక్క లేదని తేల్చలేము. ప్రబంధకవి రాజభవనాన్నీ, సంపన్న గృహస్థునీ వర్ణిస్తాడు. కూలివాని పెరటిని వర్ణించే అవసరం అతనికి రాదు. కాని ఇక్కడున్నది మౌనం మాత్రమే కాదు. మిరప ఉండవలసిన చోట మిరియాన్నీ, ఆవనూ పేర్కొన్న సాక్ష్యం ఉంది. మౌనం కన్న దాని బలం ఎక్కువ.

ఈ పాత కారం పూర్తిగా అంతరించలేదు. అనేక తెలుగు కుటుంబాలలో శ్రాద్ధపు వంటలో నేటికీ మిరప వాడరు, మిరియమే వాడతారు. బాలింత పథ్యంలో శొంఠికీ మిరియానికీ ఉన్న స్థానం మిరపకు లేదు. జ్వరం తగ్గినవారికి మిరియాల చారు పెడతారు. కర్మకాండ, పథ్యం మార్పును ఆలస్యంగా అంగీకరించే రంగాలు. నిత్యభోజనం మారినా అవి మారలేదు. మిరపకు పూర్వపు తెలుగు వంటిల్లు వాటిలో కొంత మిగిలి ఉంది.

పదాల సాక్ష్యం

కొత్త మొక్కకు పేరు పెట్టడంలో తెలుగు అనేక పద్ధతులు అనుసరించింది. అన్యదేశ్యాన్ని స్వీకరించడం ఒకటి: అనాస, బొప్పాయి. వచ్చిన ప్రాంతం పేరు చేర్చడం రెండవది: బంగాళాదుంప. పరిచితమైన మొక్క పేరుకు ‘సీమ’ శబ్దాన్ని ముందు చేర్చి పరదేశత్వాన్ని సూచించడం మూడవది: సీమచింత. టమాటాకు సీమవంకాయ, రామములగ అన్న పేర్లు ఒకప్పుడు వ్యవహారంలో ఉండేవి.

సామాన్య మిరపకు ఈ మూడింటిలో ఏ ముద్రా లేదు. మిరియము, మిరప అన్న రెండు మాటలలోనూ ‘మిర’ సమానాంశం. పాత కారపు వస్తువు పేరుకు బంధువైన పేరునే కొత్త కాయ పొందింది. దక్షిణ భాషలన్నింటిలోనూ ఈ సంబంధం కనిపిస్తుంది. తమిళంలో మిళగు మిరియం, మిళగాయ్ మిరపకాయ. కన్నడంలో మెణసు మిరియం, మెణసినకాయి మిరపకాయ. మలయాళంలో మార్పు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ముళగు అన్న పాత పేరు నేడు ప్రధానంగా మిరపకే చెల్లుతుంది. మిరియాన్ని కురుముళగు, నల్లముళగు అని విశేషణం చేర్చి చెప్పవలసి వచ్చింది. హిందీలోనూ అంతే. మిర్చ్ అంటే మొదట స్ఫురించేది మిరప, మిరియం ‘కాలీ మిర్చ్’ అయింది. వచ్చిన అతిథి ఇంటి పేరు తీసుకోగా, ఇంటివాడు విశేషణంతో గుర్తింపు తెచ్చుకోవలసిన స్థితి అది. తెలుగులో ఆ స్థితి రాలేదు. మిరియం మిరియంగానే నిలిచింది, మిరప వేరొక పదంగా స్థిరపడింది.

మిరపకాయ అన్న సమాసంలోని ఉత్తరపదం మరింత విలువైన సాక్ష్యం. మిరియాలు గింజలు. ఆ మాట వాడుకలో బహువచనంగానే ఎక్కువగా వినిపిస్తుంది. ధాన్యం వలె, ఆవాల వలె అవి కొలిచి కొనే వస్తువులు. మిరపకాయ మాత్రం వంకాయ, బెండకాయ, బీరకాయ, కాకరకాయల వర్గంలో చేరింది. దాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టి కోస్తారు. దానికి చెట్టు ఉంది, పూత ఉంది, పిందె ఉంది, పండు ఉంది, నారు ఉంది. మిరపచెట్టు, మిరపనారు, పండుమిరప, పచ్చిమిరప, ఎండుమిరప అన్న పదాలన్నీ మొక్కను రోజూ కళ్లెదుట చూసేవారి మాటలు. తెలుగువారికి మిరియం ప్రధానంగా దినుసుగా తెలుసు, మిరప మొక్కగానే తెలుసు. భాష మిరపను సుగంధ ద్రవ్యాల దుకాణంలో కాక కూరపాదుల పక్కన చేర్చింది. దాని ప్రవేశం పెరటి ద్వారా జరిగిందనడానికి ఇంతకన్న సూటి అయిన భాషా సాక్ష్యం దొరకడం కష్టం.

సీమ శబ్దం చేరకపోవడాన్ని కూడా ఈ సందర్భంలోనే అర్థం చేసుకోవాలి. కారం లేని పెద్ద కాయల మిరప తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చినప్పుడు దానికి బెంగుళూరు మిరప అన్న పేరు వచ్చింది. పరాయితనాన్ని సూచించే విశేషణం ఆ రకానికి అవసరమైంది. అప్పటికి సామాన్య మిరప పూర్తిగా ఇంటిది. అది కూడా ఒకనాడు పరాయిదే అన్న స్మృతి భాషలో మిగలలేదు.

మూడవ సాక్ష్యం కారం అన్న పదానిది. ఇది మొదట రుచి పేరు. నేడు అది రుచికీ, ఎండుమిరప పొడికీ సమానంగా వాచకం. ‘కూరలో కారం వేశావా’ అన్న వాక్యంలో కారం పదార్థం. ‘కూర కారంగా ఉంది’ అన్న వాక్యంలో అది గుణం. గుణవాచకం ద్రవ్యవాచకం కావాలంటే ఆ గుణానికి ఆ ద్రవ్యమే ఏకైక ఆధారమని వ్యవహర్తలు భావించాలి. శొంఠి, పిప్పలి, మిరియం, ఆవ పంచుకొన్న రాజ్యం ఒక్క మిరప వశమైన తరువాతనే ఈ అర్థపరిణామం సాధ్యం.

దీనివల్ల ప్రాచీన గ్రంథ పఠనంలో ఒక జాగ్రత్త అవసరమవుతుంది. పదహారవ శతాబ్దికి పూర్వపు కావ్యంలో కారమన్న మాట కనిపిస్తే దాన్ని మిరపపొడిగా వ్యాఖ్యానించడం కాలవిరోధం. అక్కడ అది రుచి మాత్రమే. ఆ రుచినిచ్చిన వస్తువును సందర్భాన్ని బట్టి వేరుగా నిర్ణయించాలి.

ఆవకాయ మరొక నిదర్శనం. నేడు దాని రంగు, ఘాటు మిరపవే అనిపిస్తాయి. పేరు మాత్రం ఆవను పట్టుకొని ఉంది. మిరపపొడి పాళ్లు ఎంత పెరిగినా ఆ పచ్చడి మిరపకాయ పేరుతో వ్యవహారంలోకి రాలేదు. కారం కోసం ఆవను ఆశ్రయించిన కాలపు ఊరగాయ పద్ధతి మీద మిరప వచ్చి చేరిందని ఆ పేరు సూచిస్తుంది. పూర్తిగా మిరప మీదనే ఆధారపడిన కొరివికారం, పండుమిరపకాయ పచ్చడి, ఊరమిరపకాయలు వంటి పేర్లలో ఆవ ప్రసక్తి లేకపోవడం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది.

పెరడే ఎందుకు

మిరియం స్థానాన్ని మిరప ఆక్రమించడానికి కారణం రుచి ఒక్కటే కాదు. మిరియం కొనవలసిన వస్తువు, మిరప పెంచుకోగల వస్తువు. ఈ భేదం సామాజికమైనది. నగదు చేతిలో ఆడని కుటుంబానికి మిరియం నిత్యవస్తువు కాజాలదు. నాలుగు మిరపమొక్కలు మాత్రం బావి గట్టున, గాబు పక్కన, అంట్లు కడిగిన నీళ్లు పారే చోట పెరుగుతాయి. దుక్కి అక్కరలేదు, ఎద్దు అక్కరలేదు, భూమి పట్టా అక్కరలేదు. విత్తనానికి పైకం అక్కరలేదు. పొరుగింటి పండుకాయ ఒకటి చాలు. ఒక సంవత్సరం లోపలే కాపు వస్తుంది. జొన్నసంకటికీ, గంజికీ రుచి నివ్వడానికి ఉప్పు, మిరపకాయ సరిపోయిన కాలంలో ఈ మొక్క విలువను డబ్బుతో కొలవలేము. సంపన్నుల వంటింటికి పరిమితమైన ఘాటు రుచిని మిరప అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

ఈ భేదాన్ని స్పష్టం చేసే ఒక ఘట్టం పద్దెనిమిదవ శతాబ్దం చివర జరిగింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో పనిచేశాడు. ఉత్తర సర్కారుల కొండలలో అడవి మిరియపు తీగను గుర్తించి, కంపెనీ ప్రోత్సాహంతో సామర్లకోటలో మిరియపు తోటను పెంచే ప్రయత్నం చేశాడు. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. రాజ్యబలం, ధనం, శాస్త్రజ్ఞానం ఉన్న సంస్థ తెలుగు మైదానంలో మిరియాన్ని స్థిరపరచలేకపోయింది. ఏ సంస్థ అండా లేని మిరప అప్పటికే ఇక్కడ స్థిరపడి ఉంది. తెలుగు మొక్కలను వాటి స్థానిక నామాలతో సహా నమోదు చేసిన రాక్స్‌బర్గ్ తన ఫ్లోరా ఇండికాలో క్యాప్సికంను కూడా వర్ణించాడు. 1852లో వెలువడిన బ్రౌణ్య నిఘంటువు నాటికి మిరప వివరణ అక్కరలేని సాధారణ తెలుగు మాట.

విత్తనం నుండి విత్తనం దాకా

మిరప వ్యాప్తికి పెరడే ఆధారమన్న వాదం మొక్క జీవశాస్త్రంతో ఎంతవరకు పొసగుతుందో పరిశీలించాలి. మిరపపూవు ద్విలింగ పుష్పం. అధికంగా స్వపరాగ సంపర్కం జరుగుతుంది. అయితే తేనెటీగలు, ఇతర కీటకాలు ఒక రకం పుప్పొడిని మరొక రకానికి చేర్చే అవకాశమూ గణనీయంగానే ఉంటుంది. ఈ రెండు లక్షణాల ఫలితం పెరటిలో స్పష్టంగా కనిపిస్తుంది. దాచిన విత్తనం చాలావరకు తల్లిమొక్క గుణాలనే ఇస్తుంది కాబట్టి ఇంటి రకం నిలుస్తుంది. అప్పుడప్పుడు కొత్త కలయికలు వస్తాయి కాబట్టి ఎంపికకు అవకాశం ఉంటుంది. ఊరికొక మిరప రకం ఏర్పడటానికి ఈ స్థిరత్వం, ఈ చాంచల్యం రెండూ కారణాలు.

ఇంటి విత్తన పద్ధతిలోని ప్రతి దశకూ శాస్త్రీయమైన హేతువుంది. విత్తనానికి చెట్టుమీదనే పూర్తిగా పండిన కాయను వదిలేస్తారు. పచ్చికాయలోని గింజ పరిపక్వం కాదు, సరిగా మొలవదు. తెగులు లేని, బాగా కాసిన చెట్టును ముందే గుర్తుపెట్టుకొంటారు. అది ఎంపిక. కాయను తొడిమతోనే ఆరబెట్టి, గింజను నీడపట్టున ఎండనిస్తారు. తీవ్రమైన ఎండ, వేడి మొలకశక్తిని దెబ్బతీస్తాయి. ఎండిన గింజలో బూడిద కలిపి మూకుడులోనో, గుడ్డమూటలోనో దాచుతారు. బూడిద తేమను పీల్చుకొని పురుగును దూరంగా ఉంచుతుంది. మూటను పొయ్యి పైభాగాన వేలాడదీస్తే వర్షాకాలపు చెమ్మ తగలదు. మిరపగింజ మొలకశక్తి సాధారణ నిలువలో రెండు మూడేళ్లలో బాగా క్షీణిస్తుంది. కాబట్టి ఏటేటా విత్తి, ఏటేటా కొత్త గింజ తీయక తప్పదు. ఒక ఇల్లు రెండు మూడేళ్లు మరిచిపోతే ఆ ఇంటి రకం అక్కడితో ఆగిపోతుంది.

నారు పోయడంలోనూ ఇటువంటి అనుభవజ్ఞానమే ఉంది. మెత్తగా చేసిన ఎత్తైన మడిలో, మాగిన పశువుల ఎరువు కలిపి, గింజను లోతుగా పడకుండా చల్లి, పైన సన్నని మట్టి కప్పుతారు. నీరు నిలిస్తే నారుకుళ్లు వస్తుంది కనుక మడి ఎత్తుగా ఉండాలి. వెచ్చని నేలలో వారం పది రోజులకు మొలక కనిపిస్తుంది. చల్లని నేలలో ఇంకా ఆలస్యమవుతుంది. ఇంచుమించు ఆరువారాల నారును సాయంత్రం వేళ పాదులలోకి మారుస్తారు. ఆకు ముడతను రైతులు రెండుగా చెబుతారు. అంచులు పైకి ముడిస్తే పైముడత, కిందికి ముడిస్తే కిందిముడత. మొదటిది తామర పురుగు వల్ల, రెండవది నల్లి వల్ల కలుగుతాయని కీటకశాస్త్రం వివరించింది. శాస్త్రం కారణాన్ని చెప్పింది, భేదాన్ని మాత్రం రైతు పరిశీలన గుర్తించి పేరు పెట్టింది.

గింజే కారానికి మూలమన్న లోకాభిప్రాయం సరికాదు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ గింజను అంటిపెట్టుకొన్న లోపలి తెల్లని కండలో తయారవుతుంది. గింజకు అది అంటుకొని ఉంటుందంతే. ఈ ఘాటు క్షీరదాలను మిరపకు దూరంగా ఉంచుతుంది. పక్షులకు మాత్రం ఆ మంట తెలియదు. అవి పండును తిని గింజను చెడకుండా వేరొక చోట వేస్తాయి. గోడ పక్కన, చెట్టు మొదట ఎవరూ విత్తకుండానే మిరపమొక్క మొలవడానికి కారణం ఇదే. అడవిలో మిరపను వ్యాపింపజేసింది పక్షి, ఊళ్లలో దాన్ని నిలిపింది మనిషి. ఆ ఘాటును చూసి దూరం కావలసిన క్షీరదాలలో మనిషి ఒక్కడే ఆ ఘాటు కోసమే దాన్ని పెంచాడు.

పెరడు నుండి యార్డుకు

ఇరవయ్యవ శతాబ్దంలో మిరప తెలుగునాట ప్రధాన వాణిజ్య పంట అయింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్లు విపణులు ఆ మార్పుకు చిహ్నాలు. పరిశోధన క్షేత్రాలు ఎంపికతో, సంకరంతో కొత్త రకాలను రూపొందించాయి. గుంటూరు సమీపంలోని లాం క్షేత్రం నుండి జి-4, ఎల్‌సిఎ-334 వంటి రకాలు విస్తృతంగా వ్యాపించాయి. మొదటి తరం పరిశోధన ఆధారపడినది రైతుల చేతులలో ఉన్న స్థానిక రకాల మీదనే. అంటే విపణిలో పేరు మోసిన రకాల వెనుక పేరులేని పెరటి ఎంపిక తరతరాలుగా ఉంది.

సంకర విత్తనాల రాకతో ఈ సంబంధం తెగింది. మొదటి తరం సంకరపు కాయ నుండి తీసిన గింజ తల్లి గుణాలను యథాతథంగా ఇవ్వదు. తరువాతి తరంలో గుణాలు విడిపోతాయి. కాబట్టి ఏటేటా విత్తనం కొనక తప్పదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. అందులోని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారనామం లేకుండా అమ్ముకోవచ్చు. హక్కు చట్టంలో భద్రంగా ఉంది. అయితే దాచడానికి యోగ్యమైన విత్తనం చేతిలో లేనప్పుడు, దాచే పద్ధతి తెలిసిన వ్యక్తి ఇంట్లో లేనప్పుడు ఆ హక్కుకు ప్రయోజనం తగ్గుతుంది.

కొద్ది రకాల మీదనే పెద్ద విస్తీర్ణం ఆధారపడటంలోని ప్రమాదం 2021-22 పంటకాలంలో రైతుల అనుభవానికి వచ్చింది. పూవులను ఆశించే కొత్త జాతి నల్ల తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మిరపకు తీవ్రనష్టం కలిగించింది. పెరటి రకాలుంటే ఆ నష్టం తప్పేదని చెప్పడానికి ఆధారం లేదు. అయితే కొత్త చీడను తట్టుకొనే గుణాన్ని వెతకవలసి వచ్చినప్పుడు వెతకడానికి వైవిధ్యం ఉండాలి. ఆ వైవిధ్యం జన్యునిధులలో కొంత ఉంటుంది, మిగిలినది పెరళ్లలో ఉండాలి. జన్యునిధి గింజను చల్లని గదిలో భద్రపరుస్తుంది. ఆ గింజను ఎప్పుడు విత్తేవారో, దేనికి వాడేవారో, ఏ పేరుతో పిలిచేవారో అది స్వయంగా చెప్పదు. ఆ సమాచారం మాటలో ఉంటుంది.

కొన్ని రకాలకు గుర్తింపు దక్కడం ఆశాజనకమే. గుంటూరు సన్నం మిరపకు, ఇటీవల 2025లో వరంగల్లు చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు లభించింది. ‘సన్నం’, ‘చపాటా’ అన్న పేర్లు కాయ ఆకృతిని చూసి రైతులు వాడిన మాటలుగానే ఆ పత్రాలకెక్కాయి. అయితే ఈ గుర్తింపు విపణి విలువ ఉన్న రకాలకు దక్కుతుంది. నాలుగు చెట్లకు మించి ఎవరూ వేయని రకానికి దక్కదు.

ముగింపు

పై చర్చను బట్టి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. ఒకటి, తెలుగువారి కారానికి మిరప ఆరంభం కాదు. మిరియం, ఆవ, శొంఠి, పిప్పలి ఏర్పరచిన రుచి స్థానంలోకి మిరప ప్రవేశించింది. అందువల్లనే అది కొత్త రుచిగా కాక పాత రుచికి కొత్త ఆధారంగా స్వీకృతమైంది. రెండు, మిరపకు సీమ శబ్దం చేరకపోవడం, కాయ శబ్దం చేరడం, రుచివాచకమైన కారం ద్రవ్యవాచకంగా మారడం అన్న మూడు భాషా విశేషాలు దాని ప్రవేశం ఇంటి పెరటి ద్వారా జరిగిందని సూచిస్తున్నాయి. మూడు, సంస్థాగత ప్రోత్సాహం పొందిన మిరియపు సాగు విఫలమైన నేలలో, ఏ ప్రోత్సాహమూ లేని మిరప స్థిరపడటానికి ఇంటింటా ఏటేటా జరిగిన విత్తన రక్షణే కారణం.

సాంఘిక చరిత్ర రచనలో దీనికొక ప్రాధాన్యం ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర కావ్యాలను జనజీవన చరిత్రకు ఆకరాలుగా వాడే మార్గాన్ని తెలుగు పరిశోధనలో సుస్థిరం చేసింది. కావ్యానికి అందని జీవితభాగాలకు పదమే ఆకరం కాగలదని మిరప చరిత్ర చూపుతుంది. ఆ ఆకరం కూడా శాశ్వతం కాదు. కొన్న నారు, కొన్న విత్తనం వాడే ఇంట్లో మొదట అంతరించేది రకం, తరువాత దాని పేరు, ఆ పైన విత్తన సేకరణకూ, నిలువకూ, నారు పెంపకానికీ సంబంధించిన క్రియాపదాలు.

మాండలిక వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగుకు గట్టి సంప్రదాయం ఉంది. వ్యవసాయ పదాలను సేకరించిన ఆ కృషిని పొలం గట్టు దాటించి పెరటిలోకి తేవలసిన అవసరం ఇప్పుడుంది. జిల్లాల వారీగా మిరప రకాల పేర్లు, కాయ భాగాల పేర్లు, తెగుళ్ల పేర్లు, విత్తనం దాచే పాత్రల పేర్లు, ఇచ్చిపుచ్చుకోలులో వాడే మాటలు నమోదు కావాలి. ఆ మాటలు చెప్పగలిగినవారు ప్రధానంగా వృద్ధ స్త్రీలు. మిరపగింజ మొలకశక్తి రెండు మూడేళ్లది. వారి జ్ఞాపకం మీద ఆధారపడిన పదసంపదకూ వ్యవధి ఎక్కువ లేదు. శాసనమూ కావ్యమూ చెప్పని చరిత్రకు ఇంకా సజీవంగా ఉన్న సాక్షులు వారే కనుక ఆ సేకరణ వాయిదా వేయదగినది కాదు.